లెక్క రాసుకోవడం కాదు, ఒకసారి మోసి చూడండి

ప్రశ్న ఏమిటంటే, ఒక మనిషి రోజుకి తను వాడే నీళ్లు ఎన్నో ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా, అలా లెక్క చూసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, చూసుకున్నాక ఏమైనా మారిందా అని. ఇప్పటికే మీటర్లు పెట్టించుకోమని, ఫోన్‌లో యాప్ వేసుకోమని, నోటుబుక్కులో గీతలు గీసుకోమని చాలామంది చెప్పేశారు. నేను ఒప్పుకోను. లీటర్ల లెక్క రాసుకున్నవాడెవడూ ఒక్క చెంబు తగ్గించగా నేను చూడలేదు. కావాలంటే రాసి చూడండి, వారం తిరక్కుండా ఆ పుస్తకం ఎక్కడ పెట్టామో వెతుక్కుంటారు. నీళ్లు ఎన్నో తెలియాలంటే మోయాలి. అంతకు మించి దారి లేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, కానీ నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోపం వస్తే రెండూ. నేను ఇక్కడ పిల్లలకి కూచిపూడి నేర్పిస్తాను. ఒడిశాలో ఉంటూ ఒడిస్సీ కాకుండా ఇదేంటని అడిగేవాళ్లు నెలకొకరు తగులుతారు, వాళ్ల సంగతి ఇంకోసారి రాస్తాను.

ముందు నా వాడకం చెప్పి తర్వాత అసలు విషయానికి వస్తా. తెల్లవారుజామున సాధన, సాయంత్రం క్లాసులు, కాబట్టి రెండు పూటలా స్నానం, ఎండాకాలం అయితే మధ్యాహ్నం కూడా. ప్రాక్టీసు చీరలు రోజూ ఉతుకుడే, చెమట వాసనకి మర్నాడు కట్టుకోలేం. అంటే డాన్సు చేసేవాళ్లం మామూలు మనిషి కన్నా ఎక్కువే వాడతాం, ఈ ముక్క మా వాళ్లెవరూ బయటికి చెప్పరు. పైగా మా ఇంట్లో గీజరు ఒక చోట, షవరు ఇంకో చోట. కుళాయి తిప్పి కింద బకెట్ పెడితే, వేడినీళ్లు తగిలేసరికి బకెట్ దాదాపు నిండుతుంది. మామూలు షవరు నిమిషానికి పది లీటర్ల దాకా పోస్తుంది. పాత రకం ఫ్లష్ ట్యాంకు ఒక్క నొక్కుకి పది లీటర్లు తాగుతుంది. పాత ఆర్వో మిషన్లు లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు సింకులోకి వదిలేస్తాయి. ఇవన్నీ అందరికీ తెలిసినవే. తెలిసినంత మాత్రాన షవరు ఎవరు కట్టేశారు చెప్పండి?

సరే. ఆ మధ్య ఎండలు ముదరకముందు ఒక పోటీ వాళ్లు వచ్చి నీటి పొదుపు మీద పది నిమిషాల ఐటెమ్ కావాలన్నారు. ఇలాంటి ఐటెమ్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఇద్దరు పిల్లలు నీలం గుడ్డ చెరో కొస పట్టుకుని ఊపుతారు, అది నది. మధ్యలో తెల్ల చీర కట్టుకున్న పిల్ల గంగమ్మ. ఆ తర్వాత నల్ల డ్రెస్సులో కాలుష్యం వచ్చి వెకిలిగా నవ్వుతుంది. చివర అందరూ కలిసి ప్లకార్డు చూపించి దండం పెడతారు. నదుల సంగతేమో గానీ ఆ నీలం గుడ్డ మాత్రం ఇరవై ఏళ్లుగా పాపం కష్టపడుతూనే ఉంది.

శాస్త్రం వైపు నుంచి చూసినా మాకు నీళ్లంటే మహా తేలిక. పతాక హస్తం, అంటే బొటనవేలు మడిచి మిగతా వేళ్లు కలిపి చాపిన చెయ్యి, ఇలా కదిపితే అల, అలా జారిస్తే నది, పైకెత్తి అదిరిస్తే మేఘం. ఎక్కడా బరువన్నది లేదు. గోపికలుగా మేం స్టేజి మీద ఎత్తిన కడవలన్నీ ఉత్త గాలి. పడుచు పిల్ల కడవ ఎత్తుకుని యమునకి పోతూ కళ్లు తిప్పుతుంది, మెడ కదుపుతుంది, మధ్యలో కృష్ణుడితో పోట్లాడుతుంది. నిండు కడవతో ఎవరైనా అలా మెడ కదపగలరా?

అందుకని పిల్లలకి చెప్పాను, రేపు గజ్జెలు వద్దు, ఎవరి బిందె వాళ్లు తెచ్చుకోండి అని. మా క్లాసు మేడ మీద. సందు మొదట్లో చేత్తో కొట్టే బోరింగు ఉంది. పని ఏమిటంటే, ప్రతి పిల్లా పొద్దున్న లేచింది మొదలు తన ఒంటికి వాడిన నీళ్లు, అంటే పళ్లు తోముకోవడం, స్నానం, దొడ్లోకి వెళ్లడం, అన్నీ కలిపి ఒక అంచనా చెప్పాలి, ఆ నీళ్లు బోరింగులో కొట్టి మేడ మీదికి తెచ్చి గాబులో పోయాలి. గాబు నీళ్లు ఏం చేశారని అడిగేవాళ్లు ఉంటారు, ముందే చెబుతున్నా, పక్కింట్లో శ్లాబు వేశారు, క్యూరింగుకి వాళ్లే పట్టుకెళ్లారు.

అక్కడ మొదట నాకు దొరికింది శబ్దం. ఖాళీ స్టీలు బిందెలో నీళ్లు పడుతున్నప్పుడు బోలుగా, మంద్రంలో ఉంటుంది. నిండుతున్న కొద్దీ స్థాయి పెరుగుతూ పోయి, బిందె మెడ సన్నబడే దగ్గర గబగబా ఎక్కేస్తుంది. కళ్లు మూసుకుని కూడా నిండిందని చెప్పొచ్చు. బోరింగు కొట్టేవాళ్లందరూ రోజూ వినేదే, కానీ సంగీతం నేర్చుకుంటున్న పిల్ల ఒకతి బిందె దగ్గర చెవి పెట్టి కూర్చుంటే గానీ నాకు వెలగలేదు. మా ఐటెమ్‌లో మొదటి నిమిషం అదే. వీణ లేదు, వేణువు లేదు, మైకు ముందు ఖాళీ బిందె, అందులోకి నీళ్లు.

తర్వాత మెట్లు. నిండు బిందె అంటే పదిహేను లీటర్లు, లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి పదిహేను కిలోలు, బిందె బరువు వేరే. చిన్నపిల్లలకి సగమే పోయించాను. కింద బోరింగు దగ్గర ఒకటే ఇకఇకలు, పకపకలు. మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ మాట్లాడటం లేదు, ఊపిరి తీసుకోవడమే. ఒక పిల్ల తను షవరు కింద ఇరవై నిమిషాలు నిలబడతానని గొప్పగా చెప్పింది. అంటే రెండొందల లీటర్లు, పదమూడు బిందెల పైమాట. కాసేపటికి మెట్ల మీద చతికిలబడి, 'మేడమ్, ఇరవై నిమిషాలు అన్నది తలంటు రోజు మాత్రమే, మామూలప్పుడు ఐదే' అని బేరం పెట్టింది. ఇందాక రాసుకోవడం దండగ అన్నానే, అందుకే. కాగితం మీద ఎవరూ బేరం ఆడరు.

కేంద్రం 2019లో మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్‌లో పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు అందాలని పెట్టుకున్నారు. డ్రైనేజీ ఉన్న పట్నాలకైతే 135 లీటర్లని ఇంకో ప్రమాణం ఉంది. వినడానికి ఇవి ఉత్త అంకెలు. అదే కిలోల్లో అనుకోండి. మా ఏడో తరగతి పిల్లలు ముప్ఫై ఐదు, నలభై కిలోలుంటారు. కనీసం అనుకున్న నీళ్లే పిల్ల కన్నా బరువు. పట్నం లెక్కయితే ముగ్గురు పిల్లల బరువు దాటిపోతుంది, అదీ ఒక్కరికి, ఒక్క రోజుకి. ఈ ముక్క చెప్పేసరికి ఒకమ్మాయి పక్కనున్న దాన్ని ఎత్తి చూసింది, రెండు అడుగులు కూడా వేయలేకపోయింది. అది కూడా ఐటెమ్‌లో పెట్టేశాం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మా క్లాసులో ఇడ్లీ బండి వాళ్ల అమ్మాయి ఒకతి ఉంది. బండికి కుళాయి ఉండదు కదా, గిన్నెలు కడగడానికి, తాగడానికి, అన్నిటికీ తెల్లారేలోపు ఆ పిల్లే నీళ్లు తెస్తుంది. అరమండి, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ, లోతుగా కూర్చోదని నేను రోజూ అరిచేది దాని మీదే. అలాంటి పిల్ల బిందె ఎత్తడం చూడాలి. నిండిన బిందెని ముందు బోరింగు గట్టు మీదికి చేర్చింది, మోకాళ్లు కొంచెం వంచి తన నడుమే గట్టు ఎత్తుకి తెచ్చింది, ఎడం చెయ్యి బిందె మెడ చుట్టూ వేసి, నడుం పక్కకి తోసి లేచింది. చేత్తో ఎత్తనే లేదు. లేవగానే భుజాలు ఎదురు పక్కకి వాలాయి, తల మళ్లీ ఇటు వాలింది. మోకాలి దగ్గర, నడుం దగ్గర, మెడ దగ్గర, మూడు చోట్ల వంపు. దీన్ని త్రిభంగం అనక ఏమంటారు? ఒడిస్సీ గురువులు ఏళ్ల తరబడి కర్ర పట్టుకుని నేర్పించేది ఇదే కదా. కోణార్క్ గోడల మీద ఆ బొమ్మలన్నీ అలా నడుం విరుచుకుని ఎందుకు నిలబడ్డాయంటే, నా ఉద్దేశంలో శిల్పి చెరువు గట్టున కూర్చుని నీళ్లకొచ్చే ఆడవాళ్లని చూసి చెక్కాడు. ఆధారం అడక్కండి. నిండు బిందె చంకన పెట్టుకుని కాసేపు నిలబడండి, అదే ఆధారం.

నడక ఇంకా గమ్మత్తు. బిందె ఉన్న వైపు కాలు బరువుగా ఆగి పడుతుంది, రెండోది చప్పున దాటేస్తుంది. చేత్తో తాళం వేసి చూస్తే మిశ్రచాపు, ఏడు లెక్కల తాళం, తకిట తకధిమి. ఎనిమిది లెక్కల ఆదితాళంలో కట్టుకొచ్చిన జతులు, అంటే అడుగుల వరసలు, పక్కన పెట్టేసి దాని నడక మీదే కొత్తవి కట్టాను. మిగతావాళ్లకి ఆ పిల్లే నేర్పింది. 'చేత్తో పట్టుకోకే, నడుంతో పట్టుకో' అంటుంటే నేను నోట్సు రాసుకున్నాను.

కూచిపూడి వాళ్లకి నీళ్ల చెంబు కొత్తా, తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తల మీద చెంబు పెట్టుకుని ఆడతారు కదా అని ఎవరైనా అనొచ్చు. ఆడతాం. కానీ ఆ చెంబులో ఉండేది ఎన్ని నీళ్లు? అక్కడ చప్పట్లు మోసినందుకు కాదు, ఒలకనందుకు. ఇంటికి నీళ్లు తెచ్చుకునే మనిషికి ఒలికితే చప్పట్ల మాట దేవుడెరుగు, మళ్లీ మొదటికి వెళ్లాలి. అందుకే మా ఐటెమ్‌లో కావాలనే ఒక బిందె ఒలకబోయించాను, ఒలికిన పిల్ల వెనక్కి వెళ్లి మళ్లీ వరసలో నిలబడుతుంది. అభినయం చెయ్యమని చెప్పలేదు, అవసరం రాలేదు.

రెండో రోజు నుంచి తల్లుల ఫోన్లు. 'ఏటి మేడమ్, డాన్సు నేర్పమని పంపితే మా పిల్ల చేత నీళ్లు మోయిస్తన్నారంట? ఇంట్లో గ్లాసు తీసి పక్కన పెట్టదు మా పిల్ల.' గ్లాసు తియ్యదన్నది ఎంత గొప్పగా చెప్పారో వినాలి మీరు. పిల్ల చేత పళ్లెం అంచు మీద అరగంట డాన్సు చేయిస్తే పాదాలు కోసుకుపోయినా పరవాలేదు, అది కళ. బోరింగు కొడితే పరువు తక్కువ. కళకి, పనికి మధ్య ఈ గోడ ఎవరు కట్టారో గానీ బాగా గట్టిగా కట్టారు.

ఒక పిల్ల నాయనమ్మ మాత్రం తనే మేడెక్కి వచ్చింది. 'మంచి పని చేశావమ్మా, మా రోజుల్లో బిందె ఎత్తలేని పిల్లకి సంబంధం కూడా వచ్చేది కాదు' అని, పాత చీర ముక్క మెలితిప్పి తల మీద పెట్టుకునే చుట్ట ఎలా చేయాలో పిల్లలకి చూపించింది. ఆ సంబంధం మాట నాకు నచ్చలేదు, కానీ ఆవిడ చెప్పిన ఇంకో సంగతి మాత్రం పట్టేసుకున్నాను. వాళ్లింట్లో గాబు నీళ్లతోనే రోజంతా గడిచేదట. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి, గిన్నెలు ఆఖర్న తొలిపిన నీళ్లు తర్వాతి గిన్నెలు తోమడానికి, కాళ్లు కడిగిన నీళ్లు అరటి చెట్టుకి. దాన్నే వరస కట్టాం. ఒక్క చెంబు నీళ్లు చేతి నుంచి చేతికి మారతాయి, ఒకతి బియ్యం కడుగుతుంది, ఇంకొకతి అవే నీళ్లు పట్టి గిన్నె తొలుపుతుంది, ఇంకొకతి కాళ్ల మీద పోసుకుంటుంది, చివరి పిల్ల కుండీలో మొక్కకి పోస్తుంది. ఆ చెంబు మొదటి నుంచి చివరి దాకా నేల మీద పెట్టకూడదన్నది ఒక్కటే నియమం. అలా కట్టినదానికి ముద్రలు వెతుక్కోనక్కర్లేదు, చేతులు వాటంతటవే పోతాయి.

ముగింపుకి మాత్రం మా ఊళ్లోదే తీసుకున్నాను. మేష సంక్రాంతి రోజు ఒడియా ఇళ్లల్లో తులసికోట మీద అడుగున చిల్లు పెట్టిన మట్టి కుండ వేలాడదీస్తారు, ఠేకి అంటారు. వైశాఖమంతా చుక్క చుక్కగా తులసి మీద పడుతూనే ఉంటుంది. మొక్కలకి డ్రిప్ పెట్టడం మనకి ఎవరో విదేశాల వాళ్లు నేర్పారనుకుంటారు జనం. ఆ చుక్కల లెక్కలో పిల్లలు కదలాలి, చుక్క పడితేనే అడుగు. తాళం బద్దలు కొట్టే పిల్లలకి ఇంతకన్నా మంచి సాధన లేదు. గంజాం వైపు చైత్రంలో దండనాట అని వ్రతం పట్టి ఆడతారు కదా, పట్టపగలు ఎండలో కాలే నేల మీద ధూళి దండం చేసి, చెరువులోకి దిగి పాణి దండం చేస్తారు. నీళ్ల విలువ నాట్యంలో చెప్పాలంటే వాళ్లు చెప్పాలి, దాహం వేసిన ఒళ్లు నీళ్లలో దిగుతుంది అక్కడ. మా పిల్లల్ని తీసుకెళ్లి చూపిద్దామంటే, అది మొరటు ఆట మేడమ్, మా పిల్లకి దిష్టి తగులుతుంది అన్నారు. ఏం చెప్పను.

ఇక ఒక్కరం తగ్గిస్తే ఏమవుతుంది అనేవాళ్లకి. మా వీధిలో కుళాయి వచ్చేది కాసేపు. ఆ కాసేపట్లో సగం ఇళ్లవాళ్లు పైపుకి నేరుగా మోటారు తగిలించి లాగేస్తారు, వీధి చివరి ఇళ్లకి బుస్సుమని గాలి వస్తుంది. ట్యాంకు నిండి పొర్లి రోడ్డు మీద కారుతున్నా మోటారు కట్టేయడానికి లేవరు, సీరియల్ అయ్యాక లేస్తారు. ఆ ఇళ్లవాళ్లే వంశధార గురించి మాత్రం అనర్గళంగా మాట్లాడతారు. 1962లో రెండు రాష్ట్రాలూ చెరిసగం అనుకున్న నది అది. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పు ఇచ్చారు, 115 టీఎంసీల్లో సగం వాళ్లకి సగం వీళ్లకి అని. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. బిందె మోసిన మనిషికి ఆ అంకె కడుపులో దిగుతుంది. మోటారు వేసేవాడికి అది టీవీ చర్చ.

పోటీ సంగతి అడుగుతారని తెలుసు. మొదటి బహుమతి నీలం గుడ్డ వాళ్లకే వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఒకాయన మా దాంట్లో నాట్యం తక్కువ, పని ఎక్కువ అన్నారు. ఆయన ముందు బల్ల మీద రెండు గుక్కలు తాగి వదిలేసిన నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి, ప్రతి అతిథికీ మూత తీసి ఒకటి పెట్టారు మరి. కార్యక్రమం అయ్యాక మా పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆ సీసాలన్నీ ఏరి బిందెలో పోస్తే బిందె నిండి ఇంకా మిగిలాయి. ఆ బిందె ఎవరు మోయాలని వాళ్లలో వాళ్లు కాసేపు కొట్టుకున్నారు కూడా.

మార్పు ఏమైనా వచ్చిందా అన్నారు కాబట్టి, షవరు పిల్ల ఇప్పుడు బకెట్‌తో చేస్తోందని వాళ్లమ్మ చెప్పింది, ఎన్నాళ్లో చూడాలి. నేను గీజరు ముందు వచ్చే చల్లనీళ్లు పట్టి ప్రాక్టీసు చీరలకి వాడుతున్నాను.

మీరెవరైనా పిల్లలతో ఇది చేయిద్దామనుకుంటే స్టీలు బిందెలే తీసుకోండి, ప్లాస్టిక్ వాటికి ఆ శబ్దం అంత బాగా రాదు. చిన్నపిల్లల తల మీద పెట్టించొద్దు, నడుం చాలు, అదీ సగం బిందె, అటూ ఇటూ మార్చి మోయించండి, లేకపోతే ఒక పక్కే నొప్పి పడుతుంది. తడిసిన మెట్ల మీద చెప్పులు వద్దు. స్టేజి మీద నీళ్లు ఒలుకుతాయని నిర్వాహకులకి ముందే చెప్పి, కార్పెట్ తీయించండి, మైకు వైర్లు పక్కకి లాగించండి. మాకు పరదా లేవడానికి ముందు దాని మీదే గొడవైంది, చివరికి ఆ నీలం గుడ్డ వాళ్ల దగ్గరే గుడ్డ అడిగి తెచ్చి కింద పరిచాం.